మంచు చూడడానికి ఒక రోజు చాలు, స్కీయింగుకు చాలదు

రాజోలులో ఉండే మా తోడికోడలు ఈ మధ్య ఫోను చేసి, సంక్రాంతి సందడి తగ్గాక మనాలీ వెళ్ళాలనుకుంటున్నామనీ, టూరు వాళ్ళిచ్చిన ప్యాకేజీలో సోలాంగ్ లోయలో ఒక పూట స్కీయింగు, అంటే కాళ్ళకు పొడవాటి పట్టీల్లాంటి స్కీలు కట్టుకుని మంచు వాలు మీద జారడం, కూడా కలిపారనీ, అది ఎలా ఉంటుందో చెప్పమనీ అడిగింది. "మీ ఫొటోలు చూసినప్పటి నుంచీ మాకూ ఆశ పుట్టిందక్కా" అని కూడా అంది. ఆ ఫొటోలలో వంక పెట్టడానికి ఏమీ లేదు. నీలాకాశం, వెనుక దేవదారు చెట్లు, ఎర్ర కోటు తొడుక్కుని రెండు చేతులా కర్రలు పట్టుకుని నవ్వుతున్న నేను. ఆ ఫొటో తీయించుకున్న తరువాత నేను సొంతంగా పట్టుమని పది గజాలు కూడా జారలేదన్న సంగతి మాత్రం అందులో పడలేదు. బంధువుల వాట్సాప్ గుంపులో అందరూ మెచ్చుకున్నారు, మేము దండాలు పెట్టి ఊరుకున్నాము.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మంచును చూడాలనుకోవడం ఒక కోరిక, మంచు మీద స్కీయింగు చేయాలనుకోవడం వేరొక కోరిక. మొదటి దానికి ఒక రోజు కావలసినంత; రెండో దానికి ఒక రోజు ఏ మూలకూ రాదు. ఈ రెండింటినీ ఒకే పూటలో, ఒకే వాలు మీద, భార్యాభర్తలిద్దరికీ కలిపి కట్టబెట్టడం వల్ల రెండూ చెడుతున్నాయి. ఈ మాటతో మావారు సగం వరకే ఏకీభవిస్తారు. ఆ మిగిలిన సగం గురించి కూడా రాస్తాను.

ఒక పూట లెక్క

మేము వెళ్ళింది దాళ్వా (రెండో పంట వరి) నాట్లు ముగిసి పొలం పనులు కాస్త తెరిపి ఇచ్చిన ఫిబ్రవరిలో. రాజమండ్రిలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కడి నుంచి రాత్రంతా వోల్వో బస్సులో మనాలీ. మంచు చూడాలన్నది మావారి చిరకాల కోరిక. స్కీయింగు పిచ్చి నాది. 2018 జనవరిలో మనాలీ దగ్గరి బురువా గ్రామానికి చెందిన ఆంచల్ ఠాకూర్ టర్కీలో జరిగిన అంతర్జాతీయ స్కీ పోటీలో కాంస్యం గెలిచి, మన దేశానికి ఆ స్థాయిలో తొలి స్కీయింగు పతకం తెచ్చిందని చదివినప్పుడు మొదలైంది. ప్యాకేజీ చూడగానే ఇద్దరి కోరికలూ ఒకే రోజున తీరిపోతాయని ఇద్దరమూ సంబరపడ్డాము.

సోలాంగ్ మనాలీకి 14 కిలోమీటర్ల లోపే ఉంటుంది; ఎత్తు సుమారు 2,500 మీటర్లు. దూరం తక్కువే గానీ దారి తక్కువది కాదు. రోడ్డు పొడవునా కోట్లు, గంబూట్లు అద్దెకిచ్చే దుకాణాలుంటాయి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క నంబరు. మా డ్రైవరు ఖాళీగా ఉన్న దుకాణాలన్నీ దాటించి, తనకు ఖాతా ఉన్న నంబరు ముందు, అదీ అప్పటికే బండ్లు బారులు తీరిన చోట, ఆపాడు. అక్కడ కోటు వెతుక్కుని, గంబూట్ల జత కుదుర్చుకునేసరికి చాలాసేపు పట్టింది. నాకిచ్చిన గంబూట్లలో ముందు రోజు తడి ఇంకా ఆరలేదు. మావారి కోటు జేబులో ఎవరో తిని పడేసిన చాక్లెట్టు కాగితం ఉంది. వాలు దగ్గరకు చేరేటప్పటికి ఎండ బాగా ఎక్కింది, పొద్దుటి గట్టి మంచు కాస్తా మెత్తబడి, అక్కడక్కడ నీరు కారుతోంది.

వాలు మీద స్కీల వాళ్ళు మాత్రమే ఉంటారనుకున్నాను. గుర్రాలు, ఫొటోల కోసం అలంకరించిన జడల బర్రెలు, నాలుగు చక్రాల మోటారు బండ్లు, మనుషులను లోపల కూర్చోబెట్టి దొర్లించే పెద్ద గాలి బంతులు, మ్యాగీ పొయ్యిలు, పిల్లలను చెక్క బండి మీద కూర్చోబెట్టి లాగేవాళ్ళు, అందరికీ అదే జాగా. జారుతూ వెళ్ళేవాడికి ఎదురుగా గుర్రం వస్తే ఎవరు తప్పుకోవాలో అక్కడ ఎవరికీ తెలియదు, గుర్రానికి తప్ప.

ప్యాకేజీలో రాసి ఉన్న "స్కీయింగు, శిక్షకుడితో సహా" అంటే ఒక గంట. ఆ గంటలో మొదటి వంతు స్కీ బూట్లు తొడగడానికే పోయింది. స్కీ బూటు అంటే గట్టి ప్లాస్టిక్కు తొడుగు. చీలమండ ఇటు అటు కదలకుండా బిగించి, మోకాలి కింది ఎముకను ఎప్పుడూ ముందుకు ఆనించి ఉంచుతుంది. సరిపోని బూటుతో స్కీ మన మాట వినదు. నాకు సరిపోయే సైజు వేరొకరి కాళ్ళకు ఉందని, ఒక సైజు పెద్దవి ఇచ్చి, మరో జత మేజోళ్ళు వేసుకోమన్నారు. తరువాత ఎక్కడం. కొత్తవాళ్ళ వాలుకు రోప్‌వే ఉండదు కాబట్టి, స్కీలను అడ్డంగా పెట్టి, అంచులతో మంచును కోసుకుంటూ, ఒక్కొక్క అడుగే పక్కకు వేస్తూ పైకి పోవాలి. సముద్ర మట్టానికి చేతికందే ఎత్తులో పుట్టి పెరిగిన ఊపిరితిత్తులకు అది చిన్న పని కాదు. ఎక్కి, ఆయాసం తీర్చుకుని, జారి, పడి, లేచి, మళ్ళీ ఎక్కేలోపే గంటలో చాలా భాగం కరిగిపోతుంది.

నాకు నేర్పడానికి వచ్చిన కుర్రవాడు దగ్గరి ఊరివాడే. నా కర్రల కొసలు పట్టుకుని తాను వెనక్కి నడుస్తూ నన్ను కిందికి లాక్కుపోయాడు. ఆ పక్కనే మరొక కుర్రవాడు మా ఫోనులో వీడియో తీశాడు, మొదటివాడు కనపడకుండా. "మోకాళ్ళు వంచండి దీదీ" అన్న మాట తప్ప మరొక పాఠం లేదు. రేపు ఒంటరిగా వస్తే సరిగ్గా నేర్పుతావా అని వచ్చీరాని హిందీలో అడిగాను. అతడు నా వంక వింతగా చూసి, "రేపు ఎవరూ రారు దీదీ" అన్నాడు.

శరీరానికి పట్టే వ్యవధి

స్కీయింగులో తొలి పాఠం ఆగడం. స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనుక కొసలు దూరంగా పెట్టి, లోపలి అంచులను మంచులోకి నొక్కితే వేగం తగ్గుతుంది. చెప్పడానికి ఒక వాక్యం చాలు. కానీ కాళ్ళ కింద నేల కదలడం మొదలు కాగానే మనిషికి భయం వేస్తుంది, భయం వేసిన మనిషి వెనక్కి వాలుతాడు, వెనక్కి వాలగానే స్కీల ముందు భాగం మీద బరువు పోయి అవి అదుపు తప్పి దూసుకుపోతాయి. అంటే భయం వేసిన క్షణంలోనే ముందుకు వంగాలి. పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటును తలకిందులు చేయడం ఇది. బుద్ధికి ఒక నిమిషంలో ఎక్కుతుంది. ఒంటికి ఎక్కడానికి రోజులు పడుతుంది.

నేను నరసాపురంలో లేసు అల్లికల వ్యాపారం చేస్తాను. కొత్తగా నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకు తొలి రోజులలో గొలుసు అల్లిక తప్ప మరేదీ ఇవ్వము. దారం బిగువు వేలికి అలవాటు కాకముందే పువ్వు అల్లమంటే ముడులు పడతాయి, ఆ పిల్లకు పని మీదే విరక్తి పుడుతుంది. ఆ గంటలో నాకు ఇచ్చింది పువ్వు. అదీ వేరొకరు అల్లి నా చేతిలో పెట్టి ఫొటో తీసిన పువ్వు.

మనాలీలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ కొత్తవారికి నడిపే తొలి స్కీ కోర్సు 14 రోజులు. అందులో అలంకారం ఏమీ లేదు. ఒక సగటు మనిషి పడడం, లేవడం, ఆగడం, తిరగడం దాటి ఒక చిన్న వాలును ఎవరి చేయీ పట్టుకోకుండా దిగడానికి పట్టే కాలం అది. ఆ 14 రోజుల పనిని ఒక గంటకు కుదించి అమ్మేవారు నేర్పించగలిగేది ఏమీ ఉండదు, కాబట్టి నేర్చుకున్నట్టు కనిపించేది అమ్ముతారు.

నాకు ఇప్పటికీ కోపం తగ్గని సంగతి మరొకటి ఉంది. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగు, మనిషి మెలిపడి పడినప్పుడు దానంతట అది విడిపోవాలి. లేకపోతే పొడవాటి స్కీ కాలిని తిప్పేస్తుంది, మోకాలి లోపల ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లు తెగుతాయి. ఎంత బలానికి విడిపోవాలన్నది మనిషి బరువు, ఎత్తు, వయసు, అనుభవం, బూటు అడుగు పొడవు చూసి బిగించాలి. నా బరువు ఎవరూ అడగలేదు. నా కంటే ముందు దిగిన ఒక దిట్టమైన కుర్రవాడి కాళ్ళ నుంచి విప్పిన స్కీలను, ఆ బిగింపుతోనే, నాకు తొడిగారు. తలకు హెల్మెట్టు లేదు. కోటు మీద పడిన చాక్లెట్టు మరకకు మాత్రం, తిరిగి ఇచ్చేటప్పుడు, డబ్బులు అడిగారు.

మావారి కుర్చీ

ఈ గంటంతా మావారు మ్యాగీ పొయ్యి దగ్గర ఒక ప్లాస్టిక్కు కుర్చీలో, నా గంబూట్లు, మా సంచి, నా చేతి గడియారం పట్టుకుని కూర్చున్నారు. కుర్చీలో కూర్చోవాలంటే ఏదో ఒకటి కొంటూ ఉండాలి కాబట్టి, తాగాలని లేకపోయినా టీలు తాగారు. గుర్రం వాడు, బంతి వాడు, కుంకుమపువ్వు అమ్మేవాడు వరుసగా వచ్చి ఆయనను పలకరించారు. ఆయన చూడాలనుకున్న మంచు అక్కడే ఉంది, కానీ దాన్ని చూడనిచ్చే తీరిక లేదు. నేను రెండోసారి పడినప్పుడు లేచి వచ్చి, "ఇది మన సంతకు తీసిపోలేదు. పద, వెళ్ళిపోదాం" అన్నారు.

నాకు చాలా కోపం వచ్చింది. మన వైపు ఒక నియమం ఉంది: డబ్బు పెట్టిన తరువాత బాగోలేదనకూడదు. పెళ్ళి భోజనమైనా, కొత్త ఇల్లయినా, తీర్థయాత్రయినా ఇదే వరుస. బాగోలేదన్న మాట పైకి వస్తే ఖర్చు వృథా అయినట్టు, రానంతవరకు వసూలైనట్టు లెక్క. మావారు ఆ నియమాన్ని అందరి ముందూ తప్పారు.

కాసేపటికి అదే నియమం మరొక రూపంలో ఎదురైంది. మ్యాగీ పొయ్యి దగ్గర తెలుగు వినిపించి పలకరిస్తే, తణుకు నుంచి వచ్చిన దంపతులు. "మాదీ గోదారి జిల్లానే, ఆయ్" అన్నారాయన సంతోషంగా. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. ఆవిడ చంకలో పిల్లవాడు చలికి ఏడుస్తున్నాడు. "ఎలా ఉందండీ మీకు?" అని ఆవిడ అడిగింది. "చాలా బాగుందండీ" అన్నాను. "మాకూ చాలా బాగుందండీ" అంది ఆవిడ. మావారు ఆ మాటలు వింటూ టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయారు. సోలాంగ్‌లో ఒక పూట స్కీయింగు ప్రతి ఏడూ మన జిల్లాల్లో ఎలా అమ్ముడవుతోందో అర్థం చేసుకోవడానికి ఈ సంభాషణ చాలు.

ఆ తరువాత ప్యాకేజీలో లేని పని ఒకటి చేశాము. వేరే బండి మాట్లాడుకుని అటల్ సొరంగం దాటి లాహౌల్ లోయ వైపు సిస్సూ అనే ఊరు వెళ్ళాము. 2020 అక్టోబరులో ఆ సొరంగం తెరవక ముందు చలికాలంలో అటు వెళ్ళడం మనలాంటి వాళ్ళకు సాధ్యమయ్యేది కాదు. 3,978 మీటర్ల ఎత్తున ఉన్న రోహ్‌తాంగ్ కనుమ మంచుకు మూసుకుపోయేది. ఇప్పుడు 9.02 కిలోమీటర్ల సొరంగం దాటితే చంద్రా నది ఒడ్డున ఉంటాము. అక్కడా బండ్లున్నాయి, అక్కడా మ్యాగీ ఉంది. కానీ రోడ్డు దిగి కాస్త దూరం నడిస్తే అడుగు పడని మంచు ఉంది. మావారు దాని మీద చెయ్యి ఆనించి, తీసి, ఆ అచ్చును చూసి, మళ్ళీ ఆనించారు. తరువాత ఒక బండరాయి మీద కూర్చుని కొండలను చూశారు, అంతే. ఆయనకు దానికి మించి ఏమీ అక్కరలేదు. మంచు చూడడానికి ఒక రోజు కూడా ఎక్కువేనని నేను ఒప్పుకున్నది అక్కడే.

నా వాదనకు ఎదురు మాటలు

ఈ వాదనలో బలహీనతలు లేకపోలేదు. మొదటిది డబ్బు, సెలవు. కోనసీమ నుంచి మనాలీ వెళ్ళి రావడానికే మధ్యతరగతి వారికి ఏడాది కూడబెట్టుకోవలసి ఉంటుంది. 14 రోజులు ఎవరు ఉండగలరు, రుచి చూడడానికి ఒక గంట చాలదా అని అడగవచ్చు. చాలు, రుచి అని చెప్పి ఇస్తే. మెత్తని వాలు మీద, గుర్రాలు రాని చోట, ఆగడం ఒక్కటే నేర్పి పంపినా రుచి తెలుస్తుంది. నేర్చుకున్నట్టు వీడియో తీసి పంపితే తెలిసేది రుచి కాదు, స్కీయింగు అంటే ఇంతేనన్న తప్పుడు తీర్మానం.

రెండోది అక్కడి మనుషుల బతుకు. వాళ్ళకు మంచు సంపాదన ఏడాదిలో కొద్ది నెలలే. గాలిలో ఎగిరించే పారాగ్లైడింగు కూడా వానాకాలంలో జులై మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు ఆపేస్తారు. ఒకరికి శ్రద్ధగా నేర్పుతూ కూర్చుంటే మరో నలుగురిని పోగొట్టుకుంటాడు ఆ కుర్రవాడు. రేపు ఎవరూ రారని తెలిసినవాడు రేపటి పాఠం ఎందుకు దాచుకుంటాడు? అతడి మీద నాకు ఫిర్యాదు లేదు. మనమూ ఏమంత తీసిపోలేదు. హైదరాబాదు నుంచి ఉదయం దిండి వచ్చి, పడవ ఎక్కి, కొబ్బరి బొండంతో ఫొటో దిగి, సాయంత్రానికి కోనసీమ చూసేశామనే వాళ్ళకు మనం అమ్ముతున్నదీ ఒక పూటే.

మూడోది మంచుదే. హిమాలయాల్లో చలికాలపు మంచు పడమటి నుంచి, మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వాతావరణ అలజడుల మీద ఆధారపడి ఉంటుంది. అవి రాకపోతే వాలు ఎండిపోతుంది. 2024 జనవరిలో కాశ్మీరులోని గుల్మార్గ్ స్కీ వాలులు నెలాఖరు వరకు గడ్డి నేలలా కనిపించాయి. మంచు కోసం టిక్కెట్లు కొనుక్కున్న వాళ్ళు వెనక్కి తిరిగారు. కాబట్టి నిరాశకు కారణం కాలంలో వచ్చిన మార్పే గానీ ప్యాకేజీ కాదని ఒక మిత్రురాలు అంది. నాకు అది తిరగబడి కనిపిస్తుంది. మంచు ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడు మూడు నెలల ముందే ఒక తేదీని, ఆ తేదీలో ఒక పూటను కట్టుకోవడం ఇంకా తెలివితక్కువ పని. పక్షం రోజులు ఉండగలిగినవాడు రెండు రోజులు ఆగి చూడగలడు. ఒక పూట కొన్నవాడికి ఆ పూట బురద దొరికితే అదే అతడి మంచు.

మిగిలిన సగం

ప్యాకేజీ విషయంలో మావారికీ నాకూ తేడా లేదు. తేడా స్కీయింగు విషయంలో. అది ఆ నేల మీద పుట్టినవాళ్ళ విద్య, మనకు రాదు అంటారాయన. ఆయన దగ్గర సాక్ష్యం కూడా ఉంది. ఆంచల్ ఠాకూర్ ఊరు సోలాంగ్‌కు కూతవేటు దూరంలో ఉంది. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ తరఫున పోటీ పడిన ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్‌ది గుల్మార్గ్ ప్రాంతం. పాతిన జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే జెయింట్ స్లాలమ్ పోటీలో 45వ స్థానంలో నిలిచాడు. మైదానాల నుంచి ఎవరున్నారు చెప్పమంటారు.

పోటీలకూ నాకూ సంబంధం లేదు కాబట్టి ఈ సాక్ష్యం చెల్లదంటాను. సైన్యం గుల్మార్గ్‌లోని తన శిక్షణ కేంద్రంలో ఎండ ప్రాంతాల నుంచి వచ్చిన జవాన్లకు కూడా స్కీలు కట్టి నేర్పుతుంది. మంచు మొహం చూడని వాళ్ళు కూడా అక్కడ నేర్చుకుని బయటికి వస్తున్నారు. వాళ్ళ వయసు ఇరవై, నీ వయసు ఎంత అని ఆయన అడుగుతారు. ఆ ప్రశ్నకు నా దగ్గర గట్టి సమాధానం లేదు. మోకాలు ఎప్పుడైనా గుర్తు చేస్తూనే ఉంటుంది.

అయితే ఈ తగాదా నుంచి మాకు తెలిసివచ్చిన సంగతి ఒకటుంది: ఆలుమగలు ఊరు వెళ్ళినంత మాత్రాన పొద్దస్తమానం ఒకే చోట ఉండనక్కరలేదు. మన వైపు దీనికి ఒప్పుకోరు. భార్య ఒక వాలు మీద, భర్త సొరంగానికి అవతల అంటే, ఏమైంది ఇద్దరికీ అని అడుగుతారు. స్కీయింగు మాత్రం స్వభావరీత్యానే మనుషులను విడదీసే పని. ఎవరి వేగం వారిది, ఎవరి భయం వారిది, బాగా వచ్చినవాడు పై వాలుకు పోతాడు, రానివాడు కిందనే ఉంటాడు. ఇష్టం లేని మనిషిని దానికి కాపలా కూర్చోబెడితే, అతడి విసుగు మీద ఒక కన్ను, స్కీ మీద ఒక కన్ను వేసి జారవలసి వస్తుంది. ఆ రోజు నేను పడినప్పుడల్లా ముందు చూసింది నా కాళ్ళ వైపు కాదు, ప్లాస్టిక్కు కుర్చీ వైపు.

మా తోడికోడలికి చెప్పింది ఇంతే: మీకు మంచు చూడాలని ఉంటే ఆ స్కీయింగు గంటను ప్యాకేజీలో నుంచి తీయించి, ఆ డబ్బు పెట్టి బండి మాట్లాడుకుని సిస్సూ వైపు వెళ్ళండి, మీ పిల్లవాడు స్కీ కావాలని మారాం చేస్తే, ముందు బరువు అడిగి ఆ తరువాత స్కీలు తొడిగేవాళ్ళు దొరికితేనే తొడిగించండి.

నా సంగతికి వస్తే, మనాలీ సంస్థ కోర్సులు జరిగేది చలికాలంలోనే. అప్పుడు అన్ని రోజులు మావారు ఊరు వదిలి ఉండలేరు. మాది కాలువ చివరన ఉన్న శివారు పొలం. దాళ్వాకు వంతుల వారీగా వదిలే కాలువ నీరు మా చేలోకి ఎక్కేదాకా రాత్రిళ్ళు కూడా గట్టు మీద ఉండాలి. లేసు ఆర్డర్లు నాలుగు రోజులు ఆగగలవు, నీటి వంతు ఆగదు. కాబట్టి వెళితే నేను ఒక్కదాన్నే వెళ్ళాలి. మావారు సరే అన్నారు, మోకాలికి డాక్టరు సరే అంటేనే అన్న షరతు మీద. మా అత్తగారికి ఇంకా చెప్పలేదు.